పిల్లల్ని హోమ్‌లో చేర్చే ముందు

అమ్మలూ,

మీ ఆయన పోయి నెలైనా కాలేదు, అప్పుడే బంధువులంతా పిల్లలిద్దర్నీ హోమ్‌లో చేర్చెయ్యమంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఎవరికీ ఏ మాటా ఇవ్వకు. ముందు ఈ పెద్దమ్మ మాట విను.

కష్టంలో ఉన్న పిల్లల సంగతి తేల్చే జిల్లా బాలల సంక్షేమ సమితిలో నేను ఉన్నప్పుడు, అమ్మ ఉండి కూడా కేవలం డబ్బుల్లేక హోమ్‌కి చేరిన పిల్లల్ని ఎంతమందినో చూశాను. ఒక బాబు సాయంత్రమైతే చాలు గేటు ఊచలు పట్టుకుని నిలబడేవాడు. అన్నానికి పిలిచినా కదిలేవాడు కాదు. 2015లో వచ్చిన బాలల న్యాయ చట్టం కూడా, మిగతా దారులన్నీ చూశాకే బిడ్డను సంస్థలో ఉంచాలంటుంది. పేదరికం ఒక్కటే బిడ్డను తల్లి నుంచి వేరు చెయ్యడానికి కారణం కాకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

నీలాంటి వాళ్ళ కోసమే మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకంలో స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డను ఇంట్లోనే పెంచుకోవడానికి డబ్బు సాయం, ఉంది. భర్త పోయిన తల్లి దగ్గర పెరిగే బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. నెలనెలా ఠంచనుగా పడుతుందని మాత్రం లెక్కేసుకోకు. నిధులొచ్చినప్పుడు కొన్ని నెలలవి కలిపి పడొచ్చు, ఈలోగా కిరాణా కొట్లో బాకీ పెంచుకోకు. పిల్లలు బడి మానేస్తే సాయం ఆగిపోతుంది, అది గుర్తుపెట్టుకో.

మీ ఆయన మరణ ధ్రువపత్రం, ఆదాయ సర్టిఫికెట్, అందరి ఆధార్, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు సిద్ధం చేసుకో. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించు. ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది అక్కడే. తర్వాత మీ అంగన్‌వాడీ టీచర్‌ని వెంటబెట్టుకుని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్ళు. దరఖాస్తుకు ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

వాళ్ళు ఇంటికి విచారణకు వస్తారు. టెన్షన్ పడకు, పిల్లల్ని ఎత్తుకుపోవడానికి కాదు. ఇల్లు సర్దేసి, అరువు తెచ్చిన కుర్చీలు వెయ్యకు. ఉన్నది ఉన్నట్టు చూడనివ్వు. పిల్లలతో విడిగా మాట్లాడతామంటే మాట్లాడనివ్వు. చిన్నాడు నాన్న పోయినప్పటి నుంచీ నోరు విప్పడం లేదన్నావు కదా, ఆ సంగతి దాచకు. అక్కడ కౌన్సెలర్ ఉంటారు, పంపమని అడుగు.

పెద్దదాన్ని హైదరాబాద్ తీసుకెళ్ళి చదివిస్తామని మీ బంధువులు అంటున్నారట, వాళ్ళ పసిబిడ్డను చూసుకుంటే చాలంటున్నారట. దానికి పదకొండేళ్ళు. పద్నాలుగు నిండని పిల్లను పనికి పెట్టుకోవడం నేరం. బంధువులైనా సరే, మొహమాటపడకుండా వద్దని చెప్పు. ఒత్తిడి చేస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, రాత్రయినా ఎత్తుతారు.

చిన్నాణ్ణి పెంచుకుంటామని ఎవరైనా స్టాంపు కాగితం తెస్తే సంతకం పెట్టకు. బిడ్డను ఇవ్వాలనుకునే తల్లి కూడా సమితి ముందుకే రావాలి. ఆమె మనసు మార్చుకోవడానికి చట్టం అరవై రోజులు గడువిచ్చింది. నోటరీ కాగితంతో ఆ రక్షణ ఏదీ ఉండదు.

నువ్వు మరణ ధ్రువపత్రం తీసుకో, పిల్లల పేరున నీతో కలిపి బ్యాంకు ఖాతా తెరువు. సోమవారం బస్సుకి నేనొస్తున్నా, దరఖాస్తు కలిసే రాద్దాం.

మీ పెద్దమ్మ