థీమ్ రాసే ముందు ఆ పిల్ల నవ్వు చూడు

విజయనగరం

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "అత్తా, పాఠం అర్థమైంది, పద్యాలూ అర్థమయ్యాయి. కానీ క్లాసులో అందరి జవాబులూ ఒకేలా ఉంటున్నాయి" అన్నావు. ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పినదాన్ని, అలాంటి జవాబులు కట్టలకొద్దీ దిద్దినదాన్ని. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు మీ ఇంగ్లీషు పుస్తకంలో 'మెమోరీస్ ఆఫ్ చైల్డ్‌హుడ్' పాఠం తియ్యి. అందులో తమిళ దళిత రచయిత్రి బామా తన చిన్నతనం గురించి రాసిన భాగం. బడి నుంచి ఇల్లు పది నిమిషాల నడక. ఆ పిల్లకు అరగంట, ఒక్కోరోజు గంట పడుతుంది. కోతిని ఆడించేవాడు, పాములవాడు, గుడి, ఎండుచేపల కొట్టు, మిఠాయి కొట్టు, అన్నీ చూసుకుంటూ వస్తుంది. గైడు ఈ పేజీని ఒక్క ముక్కలో దాటేస్తుంది. నువ్వు దాటకు. మన మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా నువ్వు చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిచినప్పుడు ఎన్నిచోట్ల ఆగేదానివో గుర్తు చేసుకుని చదువు.

అదే వీధిలో ఒక పెద్దాయన వడల పొట్లాన్ని దారం పట్టుకుని, చెయ్యి తగలకుండా మోసుకెళ్తాడు. చూసిన పిల్లకు నవ్వాగదు. ఇంటికెళ్ళి అన్నకు చెప్తుంది. అన్న నవ్వడు. ఆయన ఎందుకలా పట్టుకున్నాడో చెప్తాడు. మీరంతా జవాబు మొదటి వాక్యంలోనే 'కుల వివక్ష' అని రాసేస్తున్నారు. ఆ మాట నిజమే. కానీ ఆ పిల్లకి ఇంకా తెలియని మాట అది. ముందు ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో చూపించు, వివక్ష దానంతటదే కనిపిస్తుంది.

ఆత్మకథలో 'నేను' అనేవాళ్ళు ఇద్దరుంటారమ్మా. చూసిన పిల్ల ఒకరు, పెద్దయ్యాక రాస్తున్న మనిషి ఒకరు. పెన్సిలు తీసుకుని ఏ వాక్యం ఎవరిదో పుస్తకంలోనే గుర్తు పెట్టు. ఈ ఒక్క పని చేస్తే నీ జవాబు పక్కవాళ్ళ జవాబులా ఉండదు. ఆ భాగం 1992లో తమిళంలో వచ్చిన 'కరుక్కు' లోది. కరుక్కు అంటే తాటిమట్ట అంచున రంపంలా ఉండే పళ్ళు. మీ అమ్మమ్మగారి ఊళ్ళో తాటిమట్టతో వేలు కోసుకుని ఏడ్చావు కదా, ఆ పేరు నీకు ఎవరూ వివరించక్కర్లేదు.

అదే పాఠంలో రెండోది, బడిలో తన జుట్టు బలవంతంగా కత్తిరించిన రోజు గురించి అమెరికా ఆదివాసీ రచయిత్రి జిట్కాలా-షా రాసిన భాగం. అందులో చప్పుళ్ళు వెతుకు. గంట మోత, ఉత్త నేల మీద బూట్ల టకటక, తెలియని భాషలో గొణుగుళ్ళు. భాష రాని పిల్లకి మాటలు కూడా చప్పుళ్ళే. ఇది గైడులో దొరకదు, పేరా పైకి చదివితే దొరుకుతుంది.

నా సంగతొకటి చెప్తాను. నాకు పదేళ్ళప్పుడు హాస్టల్లో పేలు పడ్డాయని మా గదిలో పిల్లలందరికీ ఒకే మధ్యాహ్నం జుట్టు కత్తిరించేశారు. ఆ రోజు నుంచి నాకు మిగిలింది మెడ వెనక తగిలిన చల్లగాలి. సంక్రాంతికి ఇంటికొస్తే మీ నాయనమ్మ నూనె గిన్నె పట్టుకుని నా వెనక కూర్చుంది. తల మీద చెయ్యి వేసి, జడకి అందేదేమీ లేక గిన్నె పక్కన పెట్టేసింది. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో నేనూ తల్లినయ్యాక గానీ తెలియలేదు. చల్లగాలి ఆ పదేళ్ళ పిల్లది. ఆగిన చేతిని చూస్తున్నది ఇప్పటి నేను.

అయితే నా కథనీ జిట్కాలా-షా కథనీ ఒక్క గాటన కట్టకు. మావి పేలు. అక్కడ ఒక జాతి పిల్లల్ని వాళ్ళ భాష నుంచీ ఆచారం నుంచీ వేరు చెయ్యడానికే ఆ బడులు పెట్టారు. ఆమె వాళ్ళలో పొట్టి జుట్టు చావు మైలలో ఉన్నవాళ్ళది, కురచగా కత్తిరించిన జుట్టు పిరికివాళ్ళది. అందుకే ఆ పిల్ల మంచం కింద దాక్కుంది. పోలిక తెచ్చినప్పుడు తేడా కూడా రాయాలి.

ఇక పద్యాలు. ఇక్కడ పుట్టిన పిల్లలకి గురజాడ ముత్యాల సరాల నడక నాలిక మీదే ఉంటుంది. ఆ నడక చప్పట్లతో నేర్చావు, పుస్తకంలో లెక్కపెట్టి కాదు. ఇంగ్లీషు పద్యాన్నీ అలాగే పట్టుకోవాలి, ముందు నోటితో. ఏడ్రియన్ రిచ్ పద్యంలో అంత్యప్రాసలు రెండుసార్లు చదివితే వినిపిస్తాయి, దాని గురించి బెంగ వద్దు. నెరూడా రాసింది స్పానిష్‌లో, నీ దగ్గరున్నది అనువాదం. అందులో అక్షరాల ప్రాసల కోసం తిప్పలు పడకు, పన్నెండు దాకా లెక్కపెట్టి ఊరకుందామని ఆయన ఎందుకన్నాడో ఆలోచించు.

కమలా దాస్ పద్యం దగ్గర మాత్రం ఆగు. పద్యమంతా ఒకటే వాక్యం. మధ్యలో ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. గట్టిగా చదివి ఊపిరి ఎక్కడ చాలలేదో చూసుకో. కారులో పక్కన తల్లి నోరు తెరుచుకుని నిద్రపోతోంది, మొహం పాలిపోయి ఉంది, కూతురు చూపు మార్చుకుని బయట పరిగెడుతున్న చెట్లని చూస్తుంది. వాక్యం ఆగితే తల్లి దూరమైపోతుందేమోనన్న భయం మాట పైకొచ్చేస్తుందేమోనని ఆమె ఆపడం లేదు. నాకలా అనిపిస్తుంది, నువ్వు వేరేగా అనుకుంటే అదే రాయి, కానీ ఏ పంక్తి చూసి అనుకున్నావో చూపించు.

చివర్లో ఆమె త్వరలో కలుద్దామని తల్లికి చెప్పి, నవ్వి, మళ్ళీ నవ్వి, మళ్ళీ నవ్వుతుంది. మనం గుమ్మం దాటేటప్పుడు 'వెళ్తాను' అనం కదా, 'వెళ్ళొస్తాను' అంటాం. ఆ రెండు మాటల మధ్య ఉన్నదేమిటో ముందు తెలుగులో ఒక పేజీ రాసుకో, తర్వాతే ఇంగ్లీషు జవాబు మొదలుపెట్టు.

ఆ పేజీ దసరా సెలవులకి తీసుకురా. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందురోజు రాత్రి డాబా మీద కూర్చుని నువ్వు చదువు, నేను వింటాను.

మీ అత్త