హంతకుడా, హంతకురాలా? చివరిదాకా దాచేదెలా?

సందేహం: 1860ల నాటి ఇంగ్లండ్ పల్లెసీమలో, ఒక ధనవంతుల భవంతిలో జరిగిన హత్య మీద నవల రాస్తున్నాను. చంపింది ఒక స్త్రీ. మొదటినుంచీ "హంతకుడు" అని రాస్తే తప్పా? దర్యాప్తుకు వచ్చిన అధికారికీ ఆ ఇంటి అమ్మాయికీ మెల్లగా ప్రేమ పుడుతుంది. వాళ్లు "మీరు" నుంచి "నువ్వు"లోకి ఎప్పుడు రావాలి?

సమాధానం: పాత్రలు "హంతకుడు" అనొచ్చు, అది వాళ్ల పొరపాటు. కథ చెప్పే గొంతు మాత్రం అనకూడదు. "హంతకుడు వచ్చాడు" అనగానే ఇంట్లో ఆడవాళ్లెవరి మీదా అనుమానం లేకుండా పోతుంది. తీరా చివర్లో ఆమే అని తేలితే పాఠకులకు అది మలుపులా అనిపించదు, రచయిత అబద్ధమాడినట్టు ఉంటుంది.

మీ నవల కాలంలోనే జరిగిన కేసు ఒకటుంది. 1860 జూన్ చివర్లో, విల్ట్‌షైర్‌లోని రోడ్ అనే ఊళ్లో, ఒక పెద్ద ఇంట్లో మూడేళ్ల బాబును చంపేశారు. లండన్ నుంచి వచ్చిన డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ జొనాథన్ విచర్, ఆ బాబు సవతి అక్క, పదహారేళ్ల కాన్‌స్టన్స్ కెంట్‌ను అరెస్టు చేస్తే అందరూ ఆయన్నే తిట్టారు. 1865లో ఆమె తానే చేశానని ఒప్పుకుంది. ఇప్పుడు పైన నేను రాసిన "చంపేశారు" చూడండి. ఆడా మగా తేడా ఏకవచనంలోనే. "రు" చేరితే అది మాయమవుతుంది. "ఎవరో తలుపు తీశారు" అంటే చాలు.

"చంపింది ఎవరు?" అన్నా ఇబ్బంది లేదు. ఇక్కడి "ది" స్త్రీని చెప్పదు. "రాముడు వచ్చింది నిన్న" అంటాం కదా! ఇంకో మంచి మాట ఖూనీకోరు. హిందీలో ఖూనీ అంటే చంపినవాడు, తెలుగులో అది చంపడమే. చంపిన మనిషి ఖూనీకోరు, అందులో "డు" లేదు. పాతకాలపు కథకు అది బాగా నప్పుతుంది కూడా.

ఇక ప్రేమ సంగతి. ఆనాటి ఇంగ్లిష్‌లో ఇద్దరి మధ్య దూరం తగ్గిందని చెప్పడానికి మిస్టర్, మిస్ వదిలి పేరు పెట్టి పిలవడమే గుర్తు. మనకు "నువ్వు" ఉంది కానీ, తొందరపడకండి. మీరా, నువ్వా అని తేల్చుకోలేనప్పుడు మనం నిజంగా ఎలా మాట్లాడతాం? రెండూ రాకుండా తప్పించుకుంటాం. "ఇంకా నిద్ర పట్టలేదా?", "చలిగా లేదూ?", "భోజనం చెయ్యలేదేం?" వీటిలో ఎదుటి మనిషి మీరో నువ్వో తెలియదు. కొత్తగా పెళ్లయినవాళ్ల మాటల్లో ఇవి ఎన్ని దొర్లుతాయో వినండి. మీ జంట చేత మొదట్లో నిండుగా "మీరు" అనిపించండి. తర్వాత కొన్ని ప్రకరణాలపాటు ఇలాంటి వాక్యాలే రాయండి. "నువ్వు" ఆలస్యంగా, ఒక్కసారి, అది కూడా ఆమె నోట ముందు రానివ్వండి. అతను ఇంకా "మీరు" దగ్గరే ఆగిపోయి ఉండగా.