మొదటి ప్రపంచ యుద్ధాన్ని బ్రిటన్ తలచుకునే తీరు మారిందా?

చాలా మారింది, ముఖ్యంగా ఎవరిని తలచుకోవాలన్న విషయంలో.

లండన్‌లోని సెనోటాఫ్‌ను (ఖాళీ సమాధి రూపంలోని యుద్ధ స్మారకం) 1919 జులైలో శాంతి కవాతు కోసం చెక్కతో, ప్లాస్టర్‌తో తాత్కాలికంగా నిలబెట్టారు. అప్పట్లో సైనికుల మృతదేహాలను స్వదేశానికి తీసుకురానివ్వలేదు. ఏడవడానికి సమాధి కూడా లేని కుటుంబాలు దాని ముందే పూలు పెట్టాయి. అందుకే 1920లో రాతితో శాశ్వతంగా కట్టారు.

అసలు మార్పు కనిపించేది మరణశిక్ష పడ్డ సైనికుల విషయంలో. పారిపోవడం, పిరికితనం చూపడం లాంటి నేరాలకు 306 మందిని సొంత సైన్యమే కాల్చి చంపింది. కుటుంబాలు దాన్ని పరువు తక్కువగా దాచుకున్నాయి. 75 ఏళ్లు మూసి ఉంచిన కోర్టు మార్షల్ (సైనిక న్యాయవిచారణ) ఫైళ్లు 1990ల్లో బయటికి వచ్చాయి. ఆ విచారణలు ఎంత హడావిడిగా సాగాయో, షెల్ షాక్‌ను, అంటే యుద్ధం వల్ల కలిగే మానసిక దెబ్బను, ఎలా పట్టించుకోలేదో అప్పుడు అందరికీ తెలిసింది. 2001లో స్టాఫర్డ్‌షైర్‌లో స్మారకం వెలిసింది: కళ్లకు గంతలు కట్టిన కుర్ర సైనికుడి విగ్రహం, వెనక 306 కొయ్య గుంజలు, ఒక్కో గుంజకు ఒక పేరు. 2006లో చట్టం క్షమాభిక్ష ఇచ్చింది కానీ శిక్షను రద్దు చేయలేదు. నా దృష్టిలో అది సగం న్యాయమే.

ఇక వలస దేశాల సైనికుల సంగతి ఇంకా ఆలస్యం. ముఖ్యంగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు సైనికుల్లో, కూలీల్లో కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకం లేకుండా పోయిందని, యుద్ధ మృతుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ పేర్ల వెతుకులాట మొదలైంది.