గెస్ట్ లెక్చర్‌కి వెళ్లేది చివరి ఇరవై నిమిషాల కోసమే

"బయటి నుంచి శాస్త్రవేత్తల్ని పిలిచి యూనివర్సిటీలో నెలనెలా పెట్టే ఉపన్యాసాల వల్ల విద్యార్థికి నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక హాజరు కోసం కూర్చోవడమేనా?" అని అడిగారు.

ఒరుగుతుంది. కాకపోతే ఉపన్యాసం వల్ల కాదు, ఆ తర్వాతి ప్రశ్నల వల్ల. చదువుకునే రోజుల్లో రెండేళ్లపాటు ఇలాంటి సిరీస్‌లో మైకు మోసే పని నాది. ఎవరు చెయ్యెత్తితే వాళ్ల దగ్గరికి పరిగెత్తాలి. కాబట్టి ఈ విషయంలో నా మాటకి కాస్త విలువుందనే నా నమ్మకం.

మొదటి పావుగంట పరిచయానికే పోతుంది. వచ్చినవారు ఎక్కడ చదివారు, ఎన్ని పేపర్లు రాశారు, ఏయే కమిటీల్లో ఉన్నారు అని ఒకరు కాగితం చూసి చదువుతారు. అదంతా గోడమీది పోస్టర్లో వారం ముందు నుంచే ఉంటుంది. తర్వాత అరవై స్లైడ్లు. ఆఖర్న ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి "నాదో చిన్న ప్రశ్న" అని మొదలుపెట్టి తన పరిశోధన గురించే ఆరు నిమిషాలు చెప్తారు. అందులో ప్రశ్న ఎక్కడుందో ఆయనకే తెలియదు. మైకు వెనక్కి తీసుకుందామంటే ఆయనేమో డిపార్ట్‌మెంట్ హెడ్. నేనేమో సెకండియర్.

ఒకసారి ఒక మేడమ్ వచ్చారు. పలచటి లోహపు పొరని చల్లబరిచేకొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు, ఎలా మారుతుందన్నది ఆవిడ పని. నిజం చెప్పాలంటే ఆ గంటలో నాకు సగం నిద్రే. ప్రశ్నల టైమ్ అయిపోయిందని అధ్యక్షులవారు లేచేసరికి చివరి వరసలోంచి ఒక ఫస్టియర్ అబ్బాయి మైకు లేకుండానే అరిచాడు: "మేడమ్, ఆ గ్రాఫ్‌లో ఒక్క చుక్క అంత కిందకెందుకుంది?"

కొందరు నవ్వారు. ఆవిడ మాత్రం వెనక్కి వెనక్కి నొక్కుకుంటూ వెళ్లి ఆ స్లైడ్ పట్టుకున్నారు. గీత పొడుగునా ముప్పై దాకా చుక్కలు, ప్రతి చుక్కకీ పైకీ కిందకీ చిన్న ఎర్రర్ బార్, అంటే ఆ కొలత ఎంత అటూఇటూ కావచ్చో చూపే నిలువు గీటు. "ముందు మిగతా చుక్కల సంగతి చూడండి. వంద చుక్కలుంటే సుమారు 68 బార్లే గీతని తాకాలి. మూడో వంతు తాకకుండా ఉండటమే సహజం. ఎవరైనా అన్నీ తాకే గ్రాఫ్ చూపిస్తే మెచ్చుకోకండి, బార్లు ఎలా లెక్కకట్టారో అడగండి" అన్నారు. అప్పటిదాకా ఒక్క చుక్క పక్కకి పోయినా చెరిపి గీతమీదకి జరిపి రికార్డు రాసినవాణ్ణి నేను. చెవులు వేడెక్కాయి.

"కానీ ఇది ఏకంగా ఐదు బార్ల దూరంలో ఉంది. దీన్ని అదృష్టం మీదకి నెట్టలేం" అని, తను చేసినవన్నీ చెప్పుకొచ్చారు. తీగలు మళ్లీ అతికించారు. థర్మామీటర్ మార్చారు. అదే పొరని ఇంకో రోజు కొలిస్తే మామూలుగానే వచ్చింది. ఆ మీదట ఒక పాత కథ చెప్పారు. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో భౌతిక శాస్త్రవేత్త కామర్లింగ్ ఓనెస్ బృందం పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరిస్తే 4.2 కెల్విన్ దగ్గర, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెసిస్టెన్స్ ఉన్నట్టుండి మాయమైందట. వాళ్లు ముందు అనుమానించింది షార్ట్ సర్క్యూట్‌నే. వెతికి వెతికి తప్పు దొరక్కపోయాకే అది సూపర్‌కండక్టివిటీ, అంటే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారడం, అని తేలింది. "నాది అంతటిది కాదు. ఆ రోజు ఎక్కడో తీగ వదులై ఉంటుంది. కానీ రుజువు లేదుగా, అందుకే తీసెయ్యలేదు" అన్నారు. అధ్యక్షులవారు వాచీ చూసుకుంటూనే ఉన్నారు. ఇరవై నిమిషాలు.

ఆవిడ పేపర్ తర్వాత చదివాను. చుక్క ఉంది, కింద ఒకే ఒక్క వాక్యం ఉంది. ఈ కథంతా ఎక్కడా లేదు.

ఇలా అంటే ఎవరో ఒకరు భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్‌ని తీసుకొస్తారు. 1943లో డబ్లిన్‌లో ఆయన జీవం గురించి ఇచ్చిన ఉపన్యాసాలే, తర్వాత డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టిన వాట్సన్‌నీ క్రిక్‌నీ ఆ వైపు తిప్పాయి కదా అని. వాళ్లిద్దరూ ఆ హాల్లో లేరండీ. మరుసటి ఏడు అచ్చయిన పుస్తకం చదివారు. 1964లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఇచ్చిన ఏడు ఉపన్యాసాలూ బీబీసీ రికార్డు చేసింది, మంచం మీద పడుకుని చూడొచ్చు. చెప్పిన విషయం కావాలంటే దారులు చాలా ఉన్నాయి. "ఆ చుక్క ఏంటి" అని అడగడానికి మాత్రం మనిషి ఎదురుగా ఉండాల్సిందే.

కాబట్టి వెళ్లండి. పరిచయం అయ్యాక వెళ్లినా నష్టం లేదు. స్లైడ్లలో మీకు నచ్చని ఒక్కదాని నంబరు రాసిపెట్టుకోండి, "పదిహేడో స్లైడ్" అంటే చాలు, వాళ్లే తెరుస్తారు.

ఆ మరుసటి నెల నుంచి మైకుని చివరి వరస నుంచి ముందుకి తేవడం మొదలుపెట్టాను. మూడు ఉపన్యాసాలయ్యాక ఆ పని ఇంకొకరికి ఇచ్చి, నన్ను పోస్టర్లు అంటించమన్నారు.