నీ కార్ట్ కోడ్ చదివాక

తమ్ముడూ,

నువ్వు పంపిన ఆన్‌లైన్ షాపు కార్ట్ పేజీ జావాస్క్రిప్ట్ కోడ్ చదివాను. పనిచేస్తోంది, అనుమానం లేదు. కానీ పది లైన్ల పనిని ఒక్క లైన్లో ఇరికించావు చూడు, దాని గురించే ఈ ఉత్తరం.

మొదట ఆ క్వాంటిటీ సంగతి. నంబర్‌గా మార్చాక «క్వాంటిటీ || 1» అని రాశావు. విలువ రాకపోతే 1 అనుకోమని నీ ఉద్దేశం. జావాస్క్రిప్ట్‌కి ఇక్కడ సున్నా కూడా లేనట్టే లెక్క. కస్టమర్ సున్నా కొట్టి వస్తువు తీసేయబోతే, నీ లైన్ దాన్ని ఒకటి చేసి మళ్లీ బిల్లులో కలిపేస్తుంది. ఎర్రర్ రాదు, కన్సోల్‌లో ఒక్క ముక్క కనపడదు. జావాస్క్రిప్ట్ 2020 ప్రమాణంలో వచ్చిన ?? గుర్తుని నంబర్‌గా మార్చకముందే వాడితే సున్నా సున్నాగానే ఉంటుంది. నల్, అన్‌డిఫైన్డ్ అయితేనే, అంటే అసలు విలువే లేకపోతేనే, 1 పడుతుంది. అదీ పొట్టిదే, కానీ ఏది వాడాలో తెలియాలంటే «విలువ లేదు» అంటే ఏమిటో ముందు నువ్వు తేల్చుకోవాలి.

దశాంశాలు కొట్టేయడానికి రెండు టిల్డేలు (~~) పెట్టావు. ముచ్చటగానే ఉంది. కాకపోతే అది సంఖ్యను 32 బిట్లకు కుదిస్తుంది. 2147483647 దాటిందా, పొంతన లేని అంకె వస్తుంది. ధరలతో ఎప్పటికీ బయటపడకపోవచ్చు. రేపు ఎవరో అదే ఫంక్షన్‌కి మిల్లీసెకన్ల టైమ్‌స్టాంప్ (1970 మొదటి నుంచి గడిచిన సమయం) ఇస్తారు, అది ఎప్పుడో ఆ హద్దు దాటేసింది. దశాంశాలు కొట్టేయడానికే మ్యాథ్ డాట్ ట్రంక్ (Math.trunc) ఉండగా ఈ తిప్పలెందుకు?

ఫైల్ సైజు తగ్గుతుందంటావేమో. ఆ పని బిల్డ్‌లో, అంటే కోడ్‌ని సైట్‌కి సిద్ధం చేసేటప్పుడు, దాన్ని కుదించే మినిఫయర్ అనే టూల్ చూసుకుంటుంది.

షిప్పింగ్ ఛార్జీ దగ్గర టెర్నరీలో (ఒక్క లైన్లో రాసే ఇఫ్-ఎల్స్) టెర్నరీ, దానిలో ఇంకోటి దూర్చావు. వాటిని ఇఫ్‌లుగా విడగొట్టి, ఒక్కో షరతుకీ ఒక పేరు పెట్టు. ఛార్జీ తప్పు పడిందని అర్ధరాత్రి ఫోన్ వస్తే, అసలే టెన్షన్‌లో ఉన్నవాడు కోడ్‌ని మధ్యలో ఆపి చూసే బ్రేక్‌పాయింట్ ఎక్కడ పెట్టుకుంటాడు?

అలాగని జాబితాల మీద పనిచేసే మ్యాప్, ఫిల్టర్ మానేయమనను. అవి అందరూ రోజూ చూసేవే. ఫర్ లూప్‌లుగా సాగదీస్తే చదివేవాడికి విసుగు. టీమ్‌లో కొత్తగా చేరినవాడు ఆగకుండా చదవగలిగితే ఏ షార్ట్‌కట్ అయినా నాకు ఇబ్బంది లేదు. నిజంగా వేగం కోసమే వంకర దారి పట్టాల్సొస్తే, కొలిచి చూసి, ఎందుకలా చేశావో పైన కామెంట్ రాయి. (కామెంట్ రాయడానికి బద్ధకించేది ఎక్కువగా తెలివైనవాళ్లే, ఎందుకో మరి!)

క్వాంటిటీ లైన్ మాత్రం ఇవాళే మార్చు. సున్నాతో ఒక టెస్ట్ కూడా రాసి పంపు. షిప్పింగ్ భాగం రేపు ఇద్దరం కూర్చుని విడగొడదాం.