ఇంటి ముందు కాలిబాట యజమానే వేయించాలా?

అమెరికాలో ఇల్లు కొన్నవారికి తరచూ వచ్చే సందేహం ఇది. వీధిలో కాలిబాట లేకపోతే, తన ఇంటి ముందు మేరకు యజమానే సొంత ఖర్చుతో వేయించాలని నగరం నిర్బంధించవచ్చా? చాలా నగరాల్లో చట్టం అందుకు వీలిస్తుంది. సబబేనా అంటే మాత్రం, పాత కాలనీల విషయంలో కాదంటాను.

ఒకరు వేయించి పక్కింటివారు వేయించకపోతే, సిమెంటు పలకలు గడ్డి అంచున ఆగిపోతాయి. బిడ్డను బండిలో తోసుకువెళ్లే తల్లి అక్కడ రోడ్డు మీదికి దిగాల్సిందే. ముక్కలుగా వేసిన బాట ఎవరినీ గమ్యం చేర్చదు. పైగా నడిచేది ఊరంతా, చెల్లించేది ఒక్కరు!

డెన్వర్ నగరంలో ఏళ్ల తరబడి ఈ బాధ్యత యజమానులదే అయ్యేది. చెట్టు వేరు పలకను పైకి లేపినా బాగుచేయించాల్సింది వారే. 2022 నవంబరులో ఓటర్లు ఆ భారాన్ని నగరానికి అప్పగించారు. అందుకోసం ఇళ్లవారు నగరానికి కట్టే రుసుమును మొదట ఇంటి ముందున్న వీధి పొడవును బట్టి లెక్కగట్టాలనుకున్నారు. రెండు వైపులా వీధి ఉన్న మూల ఇళ్లవారికి అది ఎంత మంటగా ఉంటుందో ఊహించండి. చివరికి చాలా ఇళ్లకు ఏడాదికి 150 డాలర్లుగా మార్చి, 2025 నుంచి వసూలు మొదలుపెట్టారు. మంచు ఎత్తే పని మాత్రం ఇప్పటికీ ఇంటివారిదే.

కొత్త లేఅవుట్ల సంగతి వేరు. అక్కడ కాలిబాట వేయాల్సింది బిల్డరే. ఆ ఖర్చు ఎలాగూ ఇంటి ధరలో కలిసే ఉంటుంది.