విజిల్ అంటే తెలుగులో ఈల ఒక్కటేనా?

ఒక్కటి కాదు. నిఘంటువులో మొదట కనిపించే అర్థం ఈలే అయినా, ధ్వని ఎక్కడి నుంచి వస్తున్నదనే దాన్ని బట్టి తెలుగులో నామమూ క్రియా మారిపోతాయి. పెదవులు గుండ్రంగా చుట్టి గానీ, వేళ్ళు నోట్లో పెట్టుకుని గానీ గాలిని బలంగా వదిలితే పుట్టేది ఈల; దాన్ని ‘వేస్తారు’. రిఫరీ, పోలీసు వాడే పరికరం కూడా ఈలే కానీ, దాన్ని ‘ఊదుతారు’. రైలుకు మాత్రం కూత.

వంటింటి విజిల్‌ను ఈల అని దాదాపు ఎవరూ అనరు. కుక్కర్‌లో ఆవిరి పీడనం పెరిగి, మూత మీది బరువును పైకెత్తి, సన్నని రంధ్రం గుండా దూసుకు వచ్చినప్పుడు ఆ శబ్దం పుడుతుంది. ‘మూడు విజిళ్ళు రానివ్వు’ అన్నప్పుడు అది కాలానికి కొలత. ‘విజిల్ పెట్టడం మరిచాను’ అన్నప్పుడు ఆ బరువుకే పేరు.

ఈల వేయడాన్ని పెద్దలు ఆకతాయి పనిగా చూసినా, రంగస్థలంపై కృష్ణుడి వేషంలో ఈలతోనే రాగాలు పలికించిన కళ్యాణం రఘురామయ్య (1901–1975) ‘ఈలపాట’నే ఇంటిపేరుగా మార్చుకున్నారు.

సంస్థలోని అక్రమాలను బయటపెట్టే ‘విజిల్ బ్లోయర్’ను ‘ఈల ఊదేవాడు’ అంటే అర్థం చెడుతుంది. పత్రికలు వాడే ‘ప్రజావేగు’ చక్కని మాట. ఇలాంటివారి రక్షణకే భారత పార్లమెంటు 2014లో ఒక చట్టం చేసింది.